చెవి గీరిన చెయ్యి

కిందటి వారం కురుమయ్యను పశువుల దవాఖాన అరుగు మీద కూర్చోబెట్టి వచ్చాం. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. తువ్వాల ఒళ్ళో పెట్టుకొని, డాక్టరు నోరు ఎప్పుడు తెరుస్తాడా అని చూస్తున్నాడు.

జరిగింది మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకుందాం. రెండేళ్ళ కింద తొలకరిలో ఆయన ఊరి గొర్రెలకు అమ్మతల్లి సోకింది. ఒళ్ళంతా పొక్కులు లేచి, పాలు తాగలేక గొర్రెపిల్లలు వరసగా పడిపోయాయి. కురుమయ్య తమ్ముడి కొడుకు మల్లన్న మందలో ఆ ఏటి పిల్ల ఒక్కటి కూడా మిగల్లేదు. సరిగ్గా అప్పుడే గొర్రెల బేరం చేసే బాబా మియా ఆలేరు దిక్కు నుంచి కొన్ని గొర్రెలు తోలుకొచ్చాడు. వాటి మూతుల మీద పుండ్లున్నాయి. ఊరికి ఇంకేం కావాలి? పంచాయితీ కూర్చుంది. కురుమ కులానికి పెద్దమనిషి కాబట్టి కురుమయ్యే తీర్పు చెప్పాడు. మియా గొర్రెలు ఊరి బాయి తొట్టి దగ్గరికి రావద్దు. పెళ్ళికైనా పండుగకైనా గొర్రెను కోయడానికి మియాను ఎవరూ పిలవద్దు.

ఆ రోజుల్లోనే హైదరాబాదులో పరిశోధన చేసే ఇస్రాయేలు అనే పశువుల డాక్టరు వచ్చాడు. చచ్చిన పిల్లల ఒంటి మీది పక్కులు, మియా గొర్రెల మూతి మీది పక్కులు గీకి సీసాల్లో పెట్టుకున్నాడు. కురుమయ్య ఊరుకోలేదు. ఇంట్లోకి పోయి తన పొట్టేలు కొమ్ము తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. అందులో అమ్మతల్లి పోసిన గొర్రె పక్కులు ఎండబెట్టి దాచి ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న గొర్రె చెవిని ముల్లుతో గీరి, ఆ పొడి కాస్త రుద్దితే చెవి మీద చిన్న పుండు లేచి మానిపోతుంది. ఆ గొర్రెకు మళ్ళీ అమ్మతల్లి రాదు. ఊళ్ళో ఎవరి గొర్రెలకైనా చెవి గీరేది కురుమయ్యే.

“మా తాతల నాటి మందు సారూ. గిది సుత పట్నం తీస్కపో. మీవోళ్ళు జూసి నేర్చుకుంటరు,” అన్నాడు ఆ రోజు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన కూడా మీసం సవరించుకున్నాడు.

ఆ డాక్టరే ఇవాళ మళ్ళీ వచ్చాడు. మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు ముందు టీకాల గురించి మీటింగు. ఇవాళే బాబా మియా ఇల్లు ఖాళీ చేసి, హాలియాలో ఉన్న కూతురు తాహేరా దగ్గరికి పోతున్నాడు. సామాను కోసం లారీ వస్తుంది.

మీటింగుకు ముందే డాక్టరు కురుమయ్యను ఒక్కణ్ణే పిలిపించాడు. సన్మానానికేమో అనుకొని కురుమయ్య ఉతికిన ధోవతి కట్టుకొని వచ్చాడు.

“తాతా, మీ మందకు చెవికోత ఏది?” అని అడిగాడు డాక్టరు.

“ఎడమ చెవికి ముందర గాటు. మా నాయిన నాటి సంది గదే.”

“గా గాటు పిల్లకు పుట్టుకతోటే వస్తదా?”

కురుమయ్యకు నవ్వొచ్చింది. “యాడొస్తది సారూ? పుట్టినంక మేమే కొయ్యాలె. గింత సదువుకున్నవ్, గది ఎర్కలేదా?”

“ఎర్కే. గొర్రెకు రాదు. గని అమ్మతల్లి పురుగుకు వస్తది.” డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. “పురుగు లోపల ఒక రాత ఉంటది తాతా. మనకున్నట్టే, గొర్రెకున్నట్టే. నాలుగే అక్షరాలు. అవ్వే మళ్ళ మళ్ళ వస్తయి, వేలకు వేలు. తల్లి పురుగు రాతల యాడన్న ఒక అక్షరం మారితే, పిల్ల పురుగు రాతల సుత అదే జాగల అదే అక్షరం మారుతది. దాని పిల్లకూ అంతే. చెవికోత తీరు. గా రాత సదువుడే మా పని.”

“కంటికి కనవడని దాని రాత నువ్వెట్ల సదువుతవ్?”

“మిషిన్ల మీద సదువుతం. అందుకే ఇన్నాళ్ళు పట్టింది. సదివినంక ఒక్కదాన్నే చూస్తే ఏం తెల్వది. పోల్చాలె. దేశదేశాలల్ల సదివినోళ్ళు తమ తమ రాతలన్నీ తెచ్చి ఒక్క జాగల పెడ్తరు. మన ఊరి పురుగు ఎవరి దానికి సుట్టమో ఆడ వెతుక్కోవచ్చు.”

డాక్టరు బల్ల మీద ఒక కాగితం పరిచాడు. కురుమయ్యకు చదువు రాదు. గీతల్లా వరసగా ఉన్న అక్షరాలు చీమల బారులా కనపడ్డాయి. డాక్టరు పై వరస మీద వేలు పెట్టాడు.

“గిది మల్లన్న పిల్లలది. అమ్మతల్లే. దీని కింద ఉన్నది బాబా మియా గొర్రెలది. సూడు, ఒక్క తీరుగ లేదు. గిది అసలు అమ్మతల్లే కాదు తాతా. మూతి పుండ్ల పురుగు. వేరే జాతి. కొన్నొద్దులకు దానంతట అదే మానుతది. ఆలేరు గొర్రెలు ఒక్కటన్న సచ్చినయా?”

కురుమయ్య ఆలోచించాడు. చావలేదు. ఒక్కటి కూడా చావలేదు. ఊరంతా ఆ గొర్రెలను చూసింది. చావలేదన్న సంగతి ఎవరూ చూడలేదు.

“మరి మా ఊర్లెకు అమ్మతల్లి యాడికెల్లి వచ్చింది సారూ?”

“నీ కొమ్ముల ఉన్న పక్కులు ఎప్పుడు పెట్టినవ్?”

“ఎండకాలంల. హాలియా దిక్కు వలసమందల అమ్మతల్లి లేచిందంటే తెప్పిచ్చిన. పాతయి పొడైపోయినయని.”

“అంటే మల్లన్న పిల్లలకు రాకముందే.”

“ముందే,” అన్నాడు కురుమయ్య. అన్న తరువాత గాని తను ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

డాక్టరు వేలు మూడో వరస మీదికి జరిగింది. “గిది నీ కొమ్ములది. పై వరసకు, దీనికి ఒక్క అక్షరం తేడా లేదు. బయటి అమ్మతల్లి రాతలల్ల యాడ లేని మార్పులు ఈ రెండిట్ల ఒక్క జాగలనే ఉన్నయ్.”

బయట ఎవరిదో మేక అరిచింది. కాంపౌండరు దాన్ని అదిలించాడు. కురుమయ్య కాగితం వైపు చూస్తూనే ఉన్నాడు.

“మా నాయిన చెయ్యి ఎన్నడు ఒక్క పిల్లను సంపలే సారూ,” అన్నాడు చివరికి.

“సంపలే. మీ నాయిన చెవి గీరిన గొర్రెలను ఏం చేసెటోడు?”

ఆ పద్ధతి కురుమయ్యకు బాగా తెలుసు. చెవి గీరిన గొర్రెను ముళ్ళకంచె కట్టి వేరే దొడ్లో పెట్టాలి. చెవి మీది పుండు ఎండి, పక్కు రాలేదాకా మిగతా మందలో కలపకూడదు. పాలు తాగే పిల్లల దరిదాపులకు అసలే పోనియ్యకూడదు. తండ్రి ఆ మాట చెప్పీ చెప్పీ నేర్పాడు. ఆ ఏడు వాన ముందుగా పడింది. దున్నకముందే తన చెలకలో మంద పెట్టమని ఒక రైతు వెంటపడ్డాడు. రాత్రిళ్ళు గొర్రెలు పడుకుంటే చెలకకు ఎరువు. ఎక్కువ గొర్రెలుంటే ఎక్కువ ఎరువు. చెవులు ఇంకా పచ్చిగా ఉన్న గొర్రెలను కురుమయ్య మందలో కలిపాడు. పక్కనే మల్లన్న మంద. తల్లులు, చిన్న పిల్లలు.

ఇది ఆయనకు ఇవాళ తెలిసిన సంగతి కాదు. మొదటి పిల్ల ఒళ్ళు పొంగిన రోజే తన గొర్రెల పచ్చి చెవులు గుర్తొచ్చాయి. ఆ మర్నాడే ఎవరో మియా గొర్రెల మూతి పుండ్ల మాట ఎత్తారు. అందరూ అటు తిరిగారు. ఆయనా తిరిగాడు.

“సారూ, గీ సంగతి మీటింగుల చెప్తవా?”

“నేను టీకా గురించి చెప్పనీకి వచ్చిన. అక్షరాలు పోలిక చెప్తయి గని, ఎవరి చెయ్యో చెప్పవు. లేచి నీ పేరు నేను తియ్య. గని ఎవరన్న అడిగితే అబద్ధమాడ.”

“ఎవరు అడగరు. మియా దెచ్చిండని అందరికి నమ్మకమాయె.”

“అవ్. ఎవరు అడగరు,” అన్నాడు డాక్టరు. కాగితం మడిచాడు. “అందుకే నిన్ను ముందుగాల పిలిచిన.”

దవాఖాన నుంచి ఊళ్ళోకి వచ్చే దారి ఆ పూట చాలా పొడుగైంది. బోరింగు దగ్గర నీళ్ళు కొడుతున్న బాలనర్సమ్మ ఆయన్ను చూసి చెయ్యి ఆపింది.

“ఏం మామా, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్! నీ కొమ్ము మందును పట్నంల అచ్చేసిండ్రంట గదా?”

“ఎవరన్నరు?”

“నీ పెండ్లామే సెప్పుకుంట తిరుగుతాంది. ఇగ గుర్వమ్మత్తను పట్టుకునుడు మాతోని కాదు.”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. కురుమయ్య కూడా నవ్వబోయాడు. మొఖం మాట వినలేదు. ఇంటి దిక్కు పోవలసినవాడు పీర్లచావడి పక్కనుంచి మళ్ళి బాబా మియా వాకిట్లో నిలబడ్డాడు. ఆ వాకిట్లో అడుగు పెట్టి రెండేళ్ళయింది.

బాబా మియా నులక మంచాన్ని తలకిందులు చేసి తాడుతో కట్టలు కడుతున్నాడు. తలెత్తి చూశాడు. చేతిలో తాడు వదల్లేదు.

“రా బావా, రా. కూసోమందమంటే మంచం గట్టేసిన, పీట మూటలున్నది. నిలవడే మాట్లాడు. రెండేండ్ల సంది నిలవడి సుత మాట్లాడకపోతివి.”

“మియా...”

“జర గా కొస పట్టుకో. ముడి జారుతాంది.”

కురుమయ్య తాడు కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ముడి బిగించారు. కలిసి పని చేయడం వాళ్ళ చేతులు మరిచిపోలేదు. కురుమయ్య కూతురి పెళ్ళికి గొర్రెలు కోసింది ఈ చేతులే. బాబా మియా కొత్త ఇంటి దూలం లేపినప్పుడు భుజం పట్టింది కురుమయ్య.

“మియా, డాక్టర్ వచ్చిండు. నీ గొర్లు ఏం పాపం చెయ్యలేదంట. అయ్యి వేరే పుండ్లంట. పురుగు లోపట రాత ఉంటదంట. గది సదివిండు.”

“మంచిదే.”

“మల్లన్న పిల్లలను సంపింది నా కొమ్ముల మందు. చెవులు ఎండకముందే మందల కల్పిన. నేనే కల్పిన.”

అన్నాడు. చాలా కష్టపడి అన్నాడు. బాబా మియా అదిరిపడతాడనుకున్నాడు, తిడతాడనుకున్నాడు. ఆయన మంచం కోడు మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడ్డాడు.

“నాకెర్కే,” అన్నాడు.

“ఏంది?”

“హాలియాకెల్లి గా పక్కులు గుడ్డల గట్టి తెచ్చిచ్చింది ఎవరు బావా? నేనే గదా. నువ్వు చెవులు గీరిన నాడు గొర్రెను పట్టింది నేను. రెండొద్దులకే అయ్యి చెలకల పండుకుంటే జూసింది నేను. నాకెర్కలేకుండ ఎట్లుంటది?”

“మరి పంచాయితీల ఎందుకు చెప్పలే?”

“నువ్వు చెప్తవని.” బాబా మియా గొంతు పెంచలేదు. “అందరు మీద పడి తిడుతుంటే నేను నీ మొఖం దిక్కే జూస్తున్న. కురుమయ్య ఇప్పుడంటడు, ఇప్పుడంటడు, అనుకుంట. నువ్వు నేల జూసుకుంట తీర్పు చెప్పినవ్. సరే, ఇయ్యాల భయపడ్డడు, రేపొస్తడనుకున్న. రేపు రాలే. ఇగ నాకు సుత పట్టుదలొచ్చింది. వచ్చి చెప్పేదాక నేను అడగొద్దనుకున్న. ఇయ్యాల లారీ వస్తదనంగ వచ్చినవ్. సంతోషం.”

కురుమయ్యకు డాక్టరు ముందు కలిగిన సిగ్గు వేరు. ఆ కాగితం మీద ఉన్నవి అక్షరాలు. వాటికి కళ్ళు లేవు. ఈ మనిషి రెండేళ్ళు కళ్ళు తెరుచుకొని తనను చూస్తూ ఉన్నాడు. బజారులో ఎదురైనప్పుడు, బాయి తొట్టి దగ్గర మల్లన్న ఆయన గొర్రెలను రాళ్ళతో కొట్టినప్పుడు, చూస్తూనే ఉన్నాడు.

“మీటింగుల చెప్త మియా. ఇప్పుడే పోయి చెప్త. డాక్టరైతే ఎవరన్న అడిగితేనే చెప్తడంట. ఎవరు అడగరు. నేనే చెప్త. నువ్వు ఊరిడిసి పోవద్దు.”

“రెండేండ్లా?”

ఆ గొంతు లోపలి నుంచి వచ్చింది. మియా భార్య లాల్ బీ గిన్నెల మూట పట్టుకొని గడపలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు.

“చెల్లే...” అన్నాడు కురుమయ్య.

“నువ్వుండు అన్నా. నేను ఈయనను అడుగుతున్న.” ఆమె భర్త వైపు తిరిగింది. “రెండేండ్ల సంది నీకెర్కేనా? నాకొక్క మాట చెప్పకపోతివా?”

“చెప్తే నువ్వు ఊరుకుందువా?”

“ఊరుకోకపోదును! ఎందుకూరుకుంట? నేను బాయి కాడికి పోతే బిందెలు పక్కకు జరుపుకునెటోళ్ళు. పీర్ల పండుగకు మలీద ముద్దలు చేసి పంచుదామని వాడకట్టంత తిరిగిన. ఒక్కలు చెయ్యి సాపలే. మా గొర్లు పాపిష్టివని నేను సుత నమ్మిన. నమాజుల కూసోని, ఆ లేతపిల్లలను సంపితిమే అని ఏడ్సిన.” ఆమె ముక్కు కొంగుతో తుడుచుకుంది. “నువ్వు ఈయన మొఖం జూసుకుంట కూసుంటివి. ఈయన నేల జూసుకుంట కూసుండె. మీ దోస్తానం బాగనే ఉన్నది. మరి నా మొఖం ఎవరు జూడాలె?”

బాబా మియా మంచం ముడిని విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. కురుమయ్య ఆమె కాళ్ళ వైపు వంగబోయాడు. ఆమె చటుక్కున వెనక్కి జరిగింది.

“వద్దన్నా. కాళ్ళు మొక్కితే ఇంట్లనే అయిపోతది. నన్ను తిట్టింది ఇంట్ల గాదు.”

అప్పుడే వాకిట్లోకి మల్లన్న వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, పెద్ద గొంతు. పెదనాన్నను అక్కడ చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఓ పెద్దబాపూ! నీకోసం ఊరంత దేవులాడితిమి. అందరు కూసున్నరు. నువ్వు లేంది మీటింగు షురూ చెయ్యం అంటున్నరు. గీడేం పని నీకు? పొయ్యేటోళ్ళకు మూటలు మోస్తున్నవా?”

మల్లన్న ముగ్గురి మొఖాలూ చూశాడు. నవ్వు తగ్గింది.

“ఏమైంది? ఏడ్సినవా పెద్దబాపూ? మియా ఏమన్నన్నడా? చెప్పు, ఏమన్నడు?”

ఇదే సమయం. కురుమయ్యకు తెలుసు. నోట్లో మాట సిద్ధంగా ఉంది. బాబా మియా ముడి దగ్గర చేతులు ఆపి తలెత్తాడు. లాల్ బీ మూట దించలేదు. కురుమయ్య మల్లన్న మొఖం చూశాడు. ఆ తొలకరిలో ఈ పిల్లవాడు గంపల్లో చచ్చిన గొర్రెపిల్లలను మోసుకుపోయి చెలక గట్టున పూడ్చాడు. పూడ్చి వచ్చి తన ఒళ్ళో తల పెట్టి ఏడ్చాడు. మియా పని పడదాం పెద్దబాపూ అన్నాడు. ఆ తల మీద చెయ్యి వేసి, పడదాంరా అన్నది తనే.

“ఏం లేదురా,” అన్నాడు కురుమయ్య. “పోతున్నరు గదా అని... చూసి పోదామని వచ్చిన. దుమ్ము వడ్డది కండ్లల్ల.”

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందంటే ఆయనకే నమ్మకం కలగలేదు. బాబా మియా తల దించుకొని ముడి బిగించాడు.

“అవ్ మల్లన్నా,” అన్నాడు మెల్లగా. “చూసి పోదామని వచ్చిండు.”

“గదేనా! నేనేందో అనుకున్న. నడువు నడువు, డాక్టర్ సారు నీ కొమ్ము ముచ్చట చెప్తడేమో,” అంటూ మల్లన్న పెదనాన్న భుజం పట్టుకున్నాడు.

లాల్ బీ మూటను గడప మీద దించింది. లోపలి గిన్నెలు గలగలమన్నాయి. తల మీదికి కొంగు లాక్కొని చెప్పులు తొడుక్కుంది. ముగ్గురినీ దాటి వాకిట్లోకి నడిచింది.

“యాడికి?” అన్నాడు బాబా మియా.

“మీటింగుకు.”

మల్లన్నకు నవ్వొచ్చింది. “నీకెందుకు పెద్దమ్మా మీటింగు? మీ గొర్లు ఇగ మా ఊర్ల ఉండయి గదా.”

ఆమె ఆగి, ఆ పిల్లవాడి మొఖం నిదానంగా చూసింది. ఆమె కళ్ళలో కోపం లేదు. అది చూసి మల్లన్న నవ్వు ఆగిపోయింది.

“డాక్టర్ సాబ్‌ను ఒక్క మాట అడగాలె బిడ్డా. మా గొర్ల రాతల ఏమున్నదో, మీ గొర్ల రాతల ఏమున్నదో అందర్ల ముంగట అడుగుత. నువ్వు సుత రా. నీకే వినవడాలె.”

ఆమె వీధిలోకి తిరిగింది. మల్లన్న ఏమీ అర్థం కాక పెదనాన్న వైపు ఒకసారి చూసి, ఆమె వెనకే పోయాడు.

వాకిట్లో ఇద్దరు ముసలివాళ్ళు మిగిలారు. దూరంగా లారీ హారను వినపడింది.

“ఆమె మెల్లగ నడుస్తది బావా. మోకాళ్ళ నొప్పులు,” అన్నాడు బాబా మియా, తల ఎత్తకుండానే. “వెనకసందుల పోతే ఆమె కన్న ముందే పోవచ్చు.”

కురుమయ్య వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. ఎడమ చేతి వైపు వెనకసందు, పంచాయతీ ఆఫీసు. కుడి చేతి వైపు ఆయన ఇల్లు. ఆ ఇంటి గుమ్మంలో గుర్వమ్మ నలుగురు ఆడవాళ్ళను కూడగట్టుకొని, మీటింగుకు బయలుదేరుతూ, ఆయన్ను చూసి సంతోషంగా చెయ్యి ఊపింది.